వంపు గోడ వెనకున్న లెక్క

క్లుప్తంగా: అలవాటు లేని రూపంలో ఉన్న కట్టడం ఆర్కిటెక్చర్ చదవాలనుకునే పిల్లల్ని మొదట ఆకారంతోనే పట్టుకుంటుంది. అక్కడితో ఆగితే అది ఎలివేషన్ (ఇంటి ముందు ముఖం) మోజు. ఆ ఆకారం ఎందుకలా వచ్చిందని అడగడం మొదలైతే చదువు మొదలైనట్టు. కేరళలో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ఇటుక పని ఇందుకు దగ్గరి ఉదాహరణ. అయితే కేరళలో నిలిచిన పద్ధతి నెల్లూరు, ఒంగోలు తీరానికి ఉన్నదున్నట్టు సరిపోదు. ఇక్కడి గాలి, ఉప్పు, మేస్త్రీ కూలి, ఆర్కిటెక్టు ఫీజు కలిసి దాన్ని మార్చేస్తాయి.

ఫోన్‌లో బొమ్మ, వీధిలో ఇల్లు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఏటా ఒక వాదన నడుస్తుంది. ఎంపీసీ చదివిన అమ్మాయో అబ్బాయో ఆర్కిటెక్చర్ అంటారు. "ఇళ్లు కట్టేదానికే కదా, సివిల్ ఇంజనీరింగ్ చేస్తే పోలా?" అని పెద్దలంటారు. జవాబుగా పిల్లలు చూపించేది ఎక్కువసార్లు ఫోన్‌లో ఉన్న ఒక బొమ్మ. స్పెయిన్‌లోని బిల్బావోలో ఫ్రాంక్ గెహ్రీ 1997లో పూర్తిచేసిన, టైటానియం రేకులు తొడిగిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కావచ్చు. బార్సిలోనాలో ఆంటోనీ గౌడీ మెలితిప్పిన స్తంభాలు కావచ్చు. అహ్మదాబాద్‌లో నేలలోంచి తాబేళ్లు వీపులెత్తినట్టుండే గుఫా అనే చిత్రశాల కావచ్చు.

ఫోన్ పక్కన పెట్టి బయటికొస్తే, మాగుంట లేఅవుట్ అయినా వేదాయపాళెం అయినా ఒంగోలు లాయర్‌పేట అయినా కొత్త ఇల్లంటే దాదాపు ఒకే అచ్చు. పిల్లర్లు, బీములు, పైన స్లాబు, ముందు స్టీలు గ్రిల్లు, ముఖానికి టైల్సు. "మోడల్ కొత్తది" అన్నారంటే ఎలివేషన్ మార్చారని అర్థం, లోపలి ప్లాన్ పక్కింటిదే. ఇలాంటి వీధిలో పెరిగిన పిల్లలకు ఇల్లు ఇంకోలా ఉండొచ్చన్న సంగతే ఒక కుదుపు. ఆ కుదుపు ఎటు తీసుకుపోతుందన్నది వాళ్లు చూసిన కట్టడాన్ని బట్టి ఉంటుంది.

చేప భవనం, బట్టల తాడు

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనం ఉంది. 2012లో వాడుకలోకి వచ్చింది. పెద్ద చేప, కళ్లు, మొప్పలు, తోకతో సహా. దారిన పోయేవారికి అది ఏ ఆఫీసో బోర్డు చదవకుండానే తెలుస్తుంది. ఆ పని అది చక్కగా చేస్తుంది. కానీ గోడ ఇక్కడ ఎందుకు వంగిందని ఒక విద్యార్థి అడిగితే జవాబు ఒక్కటే: చేప అక్కడ వంగుతుంది కాబట్టి. గాలికో బరువుకో ఎండకో సంబంధించిన కారణం లేదు. ఆ దారిన వెళ్తే రొయ్యల చెరువుల జిల్లాలో రొయ్య ఆకారంలో భవనం గీయడం తప్ప నేర్చుకునేది పెద్దగా ఉండదు. (అలాంటి ప్రతిపాదన ఎవరూ పెట్టకపోవడం మంచిదే.)

గౌడీ వంపులకు మాత్రం వెనక కారణం ఉంది, దాన్ని ఇంట్లోనే చూడొచ్చు. మేడ మీద బట్టలారేసే తాడును కాస్త వదులుగా కడితే అది కిందికి వంగి ఒక వంపు తేలుతుంది. తాడు లాగుడును తప్ప మరే బలాన్నీ తట్టుకోలేదు కాబట్టి, తన బరువు మొత్తం లాగుడుగానే సాగే ఆకారాన్ని అదే వెతుక్కుంటుంది. ఆ వంపును తలకిందులు చేస్తే లాగుడంతా నొక్కుడవుతుంది. రాయీ ఇటుకా నొక్కుడును బ్రహ్మాండంగా మోస్తాయి, లాగుడుకు పగులుతాయి. కాబట్టి తాడు వంపును తిరగేసి రాతితో కడితే ఇనుము లేకుండానే నిలబడే కమాను వస్తుంది. ఈ సూత్రాన్ని ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లోనే చెప్పాడు. గౌడీ దారాలకు చిన్న చిన్న సంచులు వేలాడదీసి, బరువు పడ్డ చోటల్లా వంపు ఎలా మారుతుందో చూసి, ఆ నమూనాను తలకిందులుగా చదివి చర్చి గీశాడు. తాడు మీద తడి దుప్పటి వేస్తే ఆ చోట వంపు కోణం తేలుతుంది. అదే సంగతి.

గెహ్రీ మ్యూజియం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఆకారం స్వేచ్ఛగా గీసిందే. దాన్ని కట్టగలిగేలా చేసింది విమానాల డిజైన్ కోసం తయారైన కాటియా అనే సాఫ్ట్‌వేర్. వంపుకో ధర ఉంటుంది, ఆ ధరను అక్కడ కంప్యూటరూ బడ్జెటూ మోశాయి. ఫోన్ బొమ్మలో ఆ ధర కనిపించదు.

మూడు ఇటుకలు, ఒక ఖాళీ

నెల్లూరు, ప్రకాశం విద్యార్థికి వీటన్నిటికంటే అందుబాటులో ఉన్నది లారీ బేకర్ పని. ఆర్కిటెక్చర్ కాలేజీల స్టడీ టూర్లలో తిరువనంతపురం తరచూ ఉండటానికి ఒక కారణం ఆయనే.

బేకర్ 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. 1945లో కుష్ఠురోగుల కోసం పనిచేసే మిషన్ తరఫున భారతదేశం వచ్చారు. తర్వాత పితోరాగఢ్ కొండల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడి జనం రాయి, మట్టి, కట్టెతో కట్టుకుంటున్న ఇళ్ల ముందు తాను నేర్చుకొచ్చిన చదువు అక్కరకు రాలేదని గ్రహించారు. ఇల్లు కట్టే సామాను ఐదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలని గాంధీజీ చెప్పిన మాటను ఆయన జీవితాంతం పట్టుకున్నారు. కేరళలో స్థిరపడి, 1990లో పద్మశ్రీ అందుకుని, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. ఆయన కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ ఆ ఊరి బస్టాండు దగ్గర గుండ్రటి ఇటుక గొట్టంలా నిలబడి ఉంటుంది. లోపల మెట్లు లేవు. మెలికలు తిరుగుతూ పైకెళ్లే వాలు వెంటే బల్లలు వేసి ఉంటాయి.

ఆయన వాడి ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్, అంటే ఎలుకబోను కట్టుబడి, కాగితం మీద కంటే గోడ దగ్గర నిలబడి చూస్తేనే అర్థమవుతుంది. ఒక అడుగు పొడవు, నాలుగున్నర అంగుళాల ఎత్తు, తొమ్మిదంగుళాల మందం ఉన్న గోడ ముక్క తీసుకుందాం. మాలు (ఇటుకల మధ్య వేసే సిమెంటు ముద్ద) మందం కలుపుకొని ఇటుక కొలత 9 × 4.5 × 3 అంగుళాలు అనుకుందాం. మామూలు పద్ధతిలో ఇటుకను పడుకోబెట్టి కడితే ఆ ముక్కకు నాలుగు ఇటుకల సరుకు పడుతుంది. ఎలుకబోనులో ఇటుకను పడుకోబెట్టరు, పక్కవాటుగా నిలబెడతారు. బయటి ముఖానికి ఒకటి, లోపలి ముఖానికి ఒకటి, రెంటినీ పట్టి ఉంచేలా అడ్డంగా ఒకటి. మొత్తం మూడు. రెండు ముఖాల మధ్య మూడంగుళాల ఖాళీ గూడు మిగులుతుంది. గోడ మందం అంతే, ఎత్తు అంతే. వంద చదరపు అడుగుల గోడకు 1067 ఇటుకలు పట్టేచోట 800 చాలు. నాలుగో వంతు మిగిలింది, దాంతోపాటు మాలు కూడా తగ్గింది.

ఆ ఖాళీలో గాలి కదలకుండా నిలిచి ఉంటుంది. నిలిచిన గాలి వేడిని నెమ్మదిగా పోనిస్తుంది. నెల్లూరు మే నెలలో సాయంత్రం ఏడైనా పడమటి గోడ మీద చెయ్యి పెట్టలేని ఇంట్లో ఉండేవారికి ఈ మూడంగుళాల విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో మెలకువలు లేకపోలేదు. అన్నిటికంటే కింది వరస, కిటికీ కిందా పైనా వచ్చే వరసలు ఖాళీ లేకుండా నిండుగా కట్టాలి. మాలు వేసేటప్పుడు గూట్లో పడకుండా చెక్క అడ్డం పెట్టాలి. పడితే ఖాళీ నిండిపోయి లాభం పోతుంది. తర్వాత కరెంటు పైపుల కోసం గోడ చెక్కడం కుదరదు, ముందే అనుకోవాలి. మరీ ముఖ్యంగా ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి. బట్టీలో వంకరపోయిన ఇటుకను పడుకోబెట్టి మాలుతో సర్దొచ్చు, నిలబెడితే దాని వంకర ఊరందరికీ కనిపిస్తుంది.

బేకర్ కప్పు కూడా ఇలాంటి లెక్కే. స్లాబు వంగినప్పుడు నడిమి భాగంలో కింది సగం లాగుడుకు గురవుతుంది. అక్కడ పని చేసేది ఇనుము, చుట్టూ ఉన్న కాంక్రీటు ఇనుమును పట్టి ఉంచడానికే. కాబట్టి ఊచల మధ్య మంగుళూరు పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించొచ్చు. స్లాబు బరువూ తగ్గుతుంది. కింద నుంచి చూస్తే పెంకుల వరస అందంగా కనిపించడం ఊరికే వచ్చిన లాభం.

నలభై అడుగుల గోడ

బేకర్ గోడలు గుండ్రంగా ఎందుకు తిరుగుతాయన్నది అందరూ అడిగే ప్రశ్న. నలభై అడుగుల గోడను చతురస్రంగా కడితే లోపల 100 చదరపు అడుగుల చోటు వస్తుంది. అదే నలభై అడుగులను గుండ్రంగా తిప్పితే 127 చదరపు అడుగులు దాటుతుంది. సామాను అదే. పైగా తిన్నగా కట్టిన సన్నని గోడ తోస్తే పడుతుంది, వంపు తిరిగిన గోడ తన వంపుతోనే నిలదొక్కుకుంటుంది. కాగితాన్ని తిన్నగా నిలబెట్టలేం, కాస్త వంచితే నిలబడుతుంది.

ఈ లెక్క కేరళ నుంచి దిగుమతి చేసుకోవాల్సింది కాదు. నెల్లూరు తీరంలో యానాదులు కట్టుకునే గుండ్రటి గుడిసెల్లో, వంగి దూరాల్సిన చిన్న వాకిలితో, మొనదేలిన కప్పుతో ఇదే లెక్క ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాన చుట్టిళ్లలోనూ ఉంది. తక్కువ సామానుతో ఎక్కువ చోటు, గాలికి ఎదురు నిలిచే మూల లేని గోడ. వాటిని పేదరికానికి గుర్తుగా చూడటం అలవాటైనందువల్ల వాటిలో ఉన్న ఇంజనీరింగ్ కంటికి ఆనలేదు. బేకర్ ఇటుకతో తిప్పిన గోడ చూసొచ్చిన విద్యార్థి తిరిగొచ్చి ఆ గుడిసెను మళ్లీ చూస్తే, ఆ ప్రయాణం ఖర్చు వసూలైనట్టే.

గుండ్రం ఎందుకు తగ్గిపోయిందన్నదానికీ కారణాలున్నాయి. బీరువా, మంచం గుండ్రటి గోడకు ఆనవు. వాస్తు చెప్పేవారికి మూలలు కావాలి. అంతకంటే బలమైన కారణం స్థలం. నెల్లూరులో ఇళ్ల స్థలాలను అంకణాల్లో అమ్ముతారు. అంకణమంటే 72 చదరపు అడుగులు, ఎనిమిది చదరపు గజాలు. సెంటుకు సుమారు ఆరు అంకణాలు. ఇరవై అంకణాల ప్లాటు పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. అందులో వృత్తం గీస్తే నాలుగు మూలలా వృథా. అంకణం రేటు కట్టి కొన్నవాళ్లు ఆ మూలలను వదులుకోరు, వదులుకోమనడం న్యాయమూ కాదు.

తీరానికొచ్చేసరికి

ఇక్కడే చాలామంది విద్యార్థుల డిజైన్లు తడబడతాయి. తిరువనంతపురం, నెల్లూరు రెండూ వేడి, ఉక్క ఉన్న తీరప్రాంతాలే. పైకి ఒకేలా అనిపిస్తాయి. కానీ గాలి భారం లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో తిరువనంతపురానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 39 మీటర్లయితే నెల్లూరుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. స్థూలంగా చదరపు మీటరుకు అక్కడ 90 కిలోల పైచిలుకు పడితే ఇక్కడ 150 కిలోలు పడుతుంది. ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ.

ఈ తేడా కప్పు దగ్గర తేలుతుంది. గాలి కప్పును తోయడం కంటే పైకి పీకడమే ప్రమాదం. కేరళలో అందంగా ముందుకు సాగిన చూరు ఎండనూ వాననూ ఆపుతుంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపానులో అదే చూరు గాలికి చేతిపిడి అవుతుంది. ఇక్కడ చూరు కురచ కావాలి, వాసాలను గోడలోకి బోల్టులతో దిగ్గొట్టాలి. జాలీ గోడదీ ఇదే కథ. ఇటుకల మధ్య సందులు వదిలిన గోడలోంచి గాలి తీయగా వస్తుంది. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్యం వైపు నుంచి ఈదురుగాలితో కలిసి అడ్డంగా వస్తాయి. ఆ దిక్కుకు జాలీ పెట్టిన ఇంట్లో మంచాలు తడుస్తాయి. పడమటికో దక్షిణానికో పెడితే పనికొస్తుంది.

పూత లేని ఇటుకకు ఉప్పుగాలి పడదు. ఉప్పు ఇటుకలోకి చేరి, ఆరినప్పుడు గట్టిపడి, పైపొరను పొడిపొడిగా రాలుస్తుంది. సముద్రానికి దగ్గరి పల్లెల్లో చౌడెక్కిన గోడలు చూసినవారికి ఇది కొత్త కాదు. భూకంపం సంగతీ ఉంది. ఒంగోలు ప్రాంతంలో 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూమి కంపించింది. ఎలుకబోను గోడకు మూలల్లో నిలువు ఊచలు, చుట్టూ కాంక్రీటు పట్టీలు అవసరం. అదృష్టవశాత్తూ గోడలో ఉన్న ఖాళీయే ఊచ దింపడానికి చోటిస్తుంది.

ఐదు మైళ్ల మాటను ఇక్కడ అక్షరాలా పాటిస్తే వింత జవాబు వస్తుంది. ముత్తుకూరు మండలంలో ఐదు మైళ్లలో దండిగా దొరికేది మట్టి కాదు, నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం బూడిద. బూడిద ఇటుక అచ్చులో తయారవుతుంది కాబట్టి కొలత తప్పదు. బట్టీ ఇటుక ఇబ్బంది పెట్టిన చోట ఎలుకబోనుకు అది బాగా కుదురుతుంది. ఎర్రటి గోడ కోసం వచ్చినవారికి బూడిద రంగు నచ్చకపోవచ్చు. బేకర్ సూత్రానికి మాత్రం ఎరుపుతో పనిలేదు.

పశ్చిమ ప్రకాశం వైపు వెళ్తే మళ్లీ మారుతుంది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 1989 నుంచి పనిచేస్తున్న ఎర్త్ ఇన్‌స్టిట్యూట్, మట్టిలో 5 శాతం దాకా సిమెంటు కలిపి యంత్రంతో నొక్కి, కాల్చకుండా దిమ్మెలు చేసే పద్ధతిని నేర్పుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న మెట్ట ఎర్రనేలకు అది కుదురుతుంది. నల్లరేగడికి అంత తేలిగ్గా కుదరదు. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది.

మేస్త్రీ దగ్గర ఆగిపోయేది

ఇంత లాభముంటే వీధికో ఎలుకబోను గోడ ఎందుకు లేదు? జవాబు డబ్బు నడిచే దారిలో ఉంది.

ఇంటి పని ఎక్కువగా లేబర్ కాంట్రాక్టులో, స్లాబు చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటారు. మేస్త్రీ లాభం వేగంలో ఉంటుంది. అలవాటు లేని కట్టుబడి మొదటి వారాల్లో నెమ్మదిగా సాగుతుంది. ఇటుకలో మిగిలింది యజమానికి, పోయిన రోజులు మేస్త్రీకి. అతను "ఇది నిలవదు సార్" అన్నప్పుడు ఆ మాట ఇంజనీరింగ్ కంటే కూలి లెక్క నుంచి వచ్చి ఉండొచ్చు. ఆర్కిటెక్టుదీ ఇరకాటమే. ఫీజు నిర్మాణ ఖర్చులో శాతంగా తీసుకునే ఆనవాయితీ ఉంది. ఖర్చు నాలుగో వంతు తగ్గించేందుకు రెట్టింపు కష్టపడితే ఫీజు పెరగదు, తగ్గుతుంది. బేకర్ ఈ ముడిని తనదైన దారిలో విప్పారు: డిజైనూ తనదే, కట్టించడమూ తనదే, వెంట తిరిగే మేస్త్రీలూ తనవాళ్లే. 1985లో మొదలైన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఆ పనిని తర్వాత కూడా కొనసాగించింది.

చట్టం కూడా ఈ బొమ్మలో ఉంది. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అన్న పేరునే, డిజైన్ చేసే పనిని ఇతరులు చేయకుండా ఆపదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అందుకే జిల్లాల్లో సగటు ఇంటి ప్లాను ఆర్కిటెక్టు బల్ల మీదికి రానేరాదు. లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే అనుమతి వస్తుంది. మిగతాది మేస్త్రీ చూసుకుంటాడు.

చేతిపనివారు కొత్తది నేర్వలేరన్న వాదనకు మాత్రం అహ్మదాబాద్ గుఫా ఎదురు నిలుస్తుంది. బాలకృష్ణ దోషీ, చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ కోసం 1990లలో దాన్ని కట్టారు. ఇనుప జల్లెడ మీద సిమెంటు పూసిన పలుచని గుల్లలు, ఒరిగిన స్తంభాలు, పైన పగిలిన పింగాణీ ముక్కలు. ఆకారం లెక్కలు కంప్యూటర్‌లో తేల్చినా, చేసింది ఎక్కువగా గిరిజన కూలీలు, మామూలు పనిముట్లతో. దోషీకి 2018లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది.

చదువులో ఎక్కడ తగులుతుంది

ఆర్కిటెక్చర్ డిగ్రీ అయిన బీఆర్క్ ఐదేళ్ల కోర్సు. నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ జేఈఈ మెయిన్ రెండో పేపర్ గానీ రాయాలి. రాష్ట్రంలో విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, 2008), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో ఆర్కిటెక్చర్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. నెల్లూరు పిల్లలకు చెన్నై ఇంకా దగ్గర. సివిల్ ఇంజనీరింగ్‌తో తేడా ఇక్కడే తేటపడుతుంది. ఇచ్చిన బీము ఎంత బరువు మోస్తుందో సివిల్ తేలుస్తుంది. అసలు అక్కడ బీము ఉండాలా, కమాను చాలదా అన్న ప్రశ్నతో ఆర్కిటెక్చర్ స్టూడియో మొదలవుతుంది. అలవాటు లేని కట్టడం చేసే మేలు ఆ ప్రశ్నను పుట్టించడమే. బొమ్మ చూసి వచ్చినవారు మొదటి ఏడాదంతా వంపులు గీస్తారు. ఆ వంపు ఏ దిక్కు గాలికని అధ్యాపకులు అడిగిన రోజు చాలామంది కాగితం మారుస్తారు. మార్చనివారూ ఉంటారు, వారికి ఎలివేషన్ మార్కెట్లో పనికి లోటుండదు.

కోర్సులో మెజర్డ్ డ్రాయింగ్ అని ఒక పని ఉంటుంది. పాత కట్టడాన్ని టేపుతో అంగుళం అంగుళం కొలిచి గీయాలి. కోటలూ గుళ్లూ ఎంచుకోవడం రివాజు. ఉదయగిరి కోట ఉంది, కొండనే తొలిచి ఎనిమిది గుళ్లు చేసిన భైరవకోన ఉంది. మార్కాపురం, కంభం వైపు మిగిలిన మట్టిమిద్దెలకు ఆ వరసలో చోటు తక్కువ. దూలాల మీద దంతెలు (సన్న వాసాలు), దంతెల మీద బండలో కట్టెలో పరిచి, పైన చవుడు మట్టి తొక్కిన కప్పు. చవుడులో సోడియం లవణాలుంటాయి. మొదటి వాన పడగానే మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ మూసేస్తాయి, నీరు కిందికి దిగదు. పొలంలో పనికిరాని మట్టి ఇంటికి వాటర్‌ప్రూఫింగ్ అయింది.

అలాంటి మిద్దెలో టేపు పట్టినప్పుడు మొదట రాసుకునే కొలత దూలానికీ దూలానికీ మధ్య దూరం. కర్ర ఎంత బరువు మోయగలదో దాన్ని బట్టి ఆ దూరం తేలుతుంది, గదుల వెడల్పు దాన్ని బట్టి తేలుతుంది. ఆ రెండు దూలాల మధ్య చోటుకు తెలుగులో ఎప్పటి నుంచో ఉన్న పేరు అంకణం.